ఫ్లాట్‌బెడ్ అని మాట్లాడుకున్నా నమ్మకండి: పాత స్పోర్ట్స్ కారు దూరం నుంచి తెప్పించుకునేవాళ్లకి

దూరం నుంచి పాత కారు కొని తెప్పించుకునేవాళ్లు కాస్త జాగ్రత్త. ఫోన్‌లో రవాణా బేరం మాట్లాడేవాడు ఒకడు, కారు తెచ్చేవాడు ఇంకొకడు. నా ఎంజీబీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఫ్లాట్‌బెడ్, అంటే కారు మొత్తం పైకెక్కించుకునే చదును ట్రక్కు, పంపిస్తానని చెప్పి, దానికి తగ్గ డబ్బే తీసుకుని, మధ్యవర్తి ఆ పని ఇంకెవరికో అప్పజెప్పాడు. వాళ్లేమో ముందు చక్రాలు ఎత్తి వెనక చక్రాల మీద ఈడ్చుకెళ్లే టో ట్రక్కు పంపారు.

ఈ కార్లలో ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే, అసలు చిక్కంతా అక్కడే. న్యూట్రల్‌లో పెడితే చాలంటారు, చాలదు. చాలా పాత మాన్యువల్ గేర్‌బాక్సుల్లో కింది షాఫ్టు తిరిగితేనే ఆయిల్ పైకి చిమ్ముతుంది, ఇంజిన్ ఆగి ఉంటే న్యూట్రల్‌లో అది తిరగదు. పై షాఫ్టు మాత్రం చక్రాలతో పాటు గంటల తరబడి ఆయిల్ అందకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆటోమేటిక్ అయితే మరీ ఘోరం, ఆయిల్ పంపుని నడిపేదే ఇంజిన్. ఈడ్చక తప్పదనుకుంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సుని వెనక చక్రాలకి కలిపే పొడుగాటి రాడ్) విప్పాలి. వీళ్లు విప్పలేదు, ఇప్పుడు గేర్‌బాక్సు ఒకటే రొద.

అది చాలదన్నట్టు గొలుసు కొక్కెం తీసుకెళ్లి టై రాడ్‌కి, అంటే స్టీరింగ్‌ని ముందు చక్రాలకి కలిపే రాడ్‌కి, తగిలించారు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే కారు ఓ పక్కకి లాగుతోంది, కింద దూరి చూస్తే రాడ్ వంగి, దాని మీద గొలుసు కొరికిన గాట్లు. దుమ్ము పడకుండా కవర్ కూడా కప్పారట, ఎంత ప్రేమో! గాలికి అది దారి పొడుగునా కొట్టుకుని బోనెట్ అంచున రంగు లేచిపోయి ప్రైమర్ కనిపిస్తోంది. అడిగితే "ఎక్కించేటప్పటికే అలా ఉంది" అని ఒకటే మాట.

అందుకే వచ్చే ట్రక్కు ఫోటో, నంబరు, ఇన్సూరెన్స్ కాగితం ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఆ బీమా మీ కారు విలువకి సరిపోతుందో లేదో చూడండి. ఎక్కించేటప్పుడు మీ తరఫు మనిషి ఒకరు ఉండి కారు చుట్టూ, కింద కూడా వీడియో తీయాలి. పట్టీలు టైర్ల మీదుగా వేయించండి, వైర్ వీల్స్ (సన్నటి ఊచలుండే చక్రాలు) అయితే ఆ ఊచల మధ్య నుంచి అస్సలు దూర్చనివ్వొద్దు. కారు కిందకి ఉంటుంది కాబట్టి ర్యాంపు నిటారుగా ఉంటే ఎగ్జాస్ట్ గీసుకుంటుంది, చెక్కలు వేసి వాలు తగ్గించమనండి. కొంత దూరం వెళ్లాక పట్టీలు వదులవుతాయి, ఆపి మళ్లీ బిగించాలి, ఆ మాట డ్రైవర్‌కే నేరుగా చెప్పండి. మాట్లాడుకున్న ట్రక్కు కాకుండా వేరేది వస్తే మాత్రం అడ్వాన్సు పోయినా సరే, తాళం ఇవ్వొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పి పెట్టండి.