షెడ్యూల్ గట్టిదైతే టీమూ గట్టిదేనా?

నవంబరు సగం గడిచిందంటే చాలు, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చూసే మిత్రుల మధ్య ఒకటే గొడవ. "వాళ్లు పదకొండు గెలిచారు సరే, ఎవరి మీద గెలిచారు?" అని ఒకరు. "మా వాళ్లు మూడు ఓడారు నిజమే, మా షెడ్యూల్ చూశావా?" అని ఇంకొకరు. చివరికి ఇద్దరూ నా వైపు తిరుగుతారు. టీమ్ అసలు సత్తా తేల్చడానికి గెలుపోటముల లెక్క మేలా, షెడ్యూల్ బలం (ఎదురైన ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్లన్నది) మేలా, పాయింట్ల తేడా మేలా? ఏటా ముక్కలు ముక్కలుగా చెబుతున్న జవాబును ఈసారి కుదురుగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. షెడ్యూల్ బలాన్ని ఒంటరిగా చూపిస్తే నేను నమ్మను. అలాగని దాన్ని పూర్తిగా పక్కన పెట్టి చేసిన లెక్కనూ నమ్మను.

గెలుపోటముల లెక్కకు ఉన్న గొప్ప గుణం, అది మైదానంలో జరిగిన విషయం. ఎవరి అంచనా అక్కర్లేదు. కానీ పై స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో 130కి పైగా టీములున్నాయి, ఒక్కో టీమ్ మామూలు సీజన్‌లో ఆడేది పన్నెండు మ్యాచ్‌లు. అంటే చాలా టీములు ఒకదాని మొహం ఒకటి చూడకుండానే సీజన్ ముగిస్తాయి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, బలహీనమైన కాన్ఫరెన్స్‌లో (ఎక్కువగా తమలో తామే ఆడుకునే టీముల గుంపులో) 11-1, అంటే పదకొండు గెలుపులు ఒక ఓటమి, తెచ్చుకోవడం వేరు, బలమైన చోట తెచ్చుకోవడం వేరు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ తంటా తక్కువ. 32 టీములే, 17 మ్యాచ్‌లు, ఎవరు ఎవరితో ఆడాలో ఒక పద్ధతి ప్రకారం తిరుగుతుంది. అసలు చిక్కంతా కాలేజీల దగ్గరే.

సరే, అయితే ఎదుటివాళ్ల బలాన్ని కొలుద్దాం అంటారు. ఎలా? కాలేజీ జాతీయ ఫైనల్‌కు టీములను ఎంచిన పాత పద్ధతి బీసీఎస్ రోజుల్లో, 1998 నుంచి 2003 దాకా, దీనికి సూత్రంలో విడిగా చోటుండేది. ప్రత్యర్థుల గెలుపోటములకు మూడింట రెండు వంతులు, ఆ ప్రత్యర్థులతో ఆడినవాళ్ల గెలుపోటములకు మూడింట ఒక వంతు. వినడానికి బాగానే ఉంటుంది. లోపలికి వెళితే ఒక మెలిక ఉంది. కాన్ఫరెన్స్ లోపల జరిగే ప్రతి మ్యాచ్‌లో ఒకరు గెలిస్తే ఒకరు ఓడతారు. మొత్తం కలిపితే సగం గెలుపులు, సగం ఓటములు, ఎప్పుడైనా అంతే. గట్టిదని పేరున్న ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ అయినా, అందరూ చిన్నచూపు చూసే కాన్ఫరెన్స్ అయినా లోపలి లెక్క సరిగ్గా యాభై శాతం. మరి ఒక కాన్ఫరెన్స్ ఇంకోదాని కన్నా గట్టిదని ఎక్కడ తేలుతుంది? ఒక్కో టీమ్ బయటివాళ్లతో ఆడే మూడు నాలుగు మ్యాచ్‌లలో. అవి ఎక్కువగా సెప్టెంబరులో, టీములు ఇంకా కుదురుకోకముందే అయిపోతాయి. వాటిలోనూ కొన్ని కింది డివిజన్ టీములను డబ్బిచ్చి పిలిపించుకుని ఆడేవి. ఆ కాసిన్ని మ్యాచ్‌ల మీద సీజన్ మొత్తం షెడ్యూల్ బలం నిలబడి ఉంటుంది. నవంబరులో టీవీలో కనిపించే 'కఠినమైన షెడ్యూళ్లలో ఫలానా స్థానం' అనే అంకెకు అసలు పునాది ఇదే.

ఇంతకన్నా పెద్ద అభ్యంతరం నాకు ఇంకోటి ఉంది, అదే నాకు నిర్ణయాత్మకం. షెడ్యూల్ కఠినం అంటున్నాం. ఎవరికి కఠినం?

ఊరికే ఒక లెక్క వేద్దాం. మొదటి షెడ్యూల్‌లో నాలుగు మ్యాచ్‌లు, రెండు మహా గట్టి టీములతో, రెండు చాలా బలహీనమైనవాటితో. రెండో షెడ్యూల్‌లోనూ నాలుగు, అన్నీ మధ్యరకం టీములతో. సగటు తీస్తే రెండూ సమానం అనుకోండి. ఇప్పుడొక మేటి టీమ్‌ను తీసుకుందాం. గట్టివాళ్ల మీద దానికి గెలిచే అవకాశం 50 శాతం, బలహీనుల మీద 99, మధ్యరకం మీద 85. మొదటి షెడ్యూల్‌లో అది ఓటమి లేకుండా బయటపడే అవకాశం దాదాపు 25 శాతం. రెండోదాంట్లో 52 శాతం. సగటు ఒకటే, కష్టం మాత్రం రెట్టింపు.

అదే షెడ్యూళ్లను ఒక సాదాసీదా టీమ్‌కు ఇవ్వండి. గట్టివాళ్ల మీద 3 శాతం, బలహీనుల మీద 50, మధ్యరకం మీద 15. మొదటి షెడ్యూల్‌లో దానికి సగటున ఒక గెలుపు దక్కుతుంది, రెండోదాంట్లో ఒకటి కూడా రాదు, 0.6 దగ్గర ఆగిపోతుంది. మేటి టీమ్‌కు చుక్కలు చూపించిన షెడ్యూలే దీనికి సుఖంగా ఉంది. అంటే షెడ్యూల్ బలం అని మనం చెప్పుకునే ఒక్క అంకె, ఎవరి కోణం నుంచి చూస్తున్నామో చెప్పకపోతే సగం మాటే. ఆ అంకెలో టీమ్ ఏం చేసిందన్నది అసలు ఉండనే ఉండదు. దారి ఎంత ఎత్తుపల్లాలుగా ఉందో చెబుతుందే గానీ నడిచినవాడు ఎలా నడిచాడో చెప్పదు. అన్ని మ్యాచ్‌లూ ఓడిన టీమ్‌కూ దేశంలోకెల్లా కఠినమైన షెడ్యూల్ ఉండొచ్చు.

2024లో అలబామా విషయంలో జరిగింది ఇదే. జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ నాలుగు టీముల నుంచి పన్నెండుకు పెరిగిన మొదటి ఏడాది అది. 9-3తో ఉన్న అలబామానా, 11-2తో ఉన్న ఎస్‌ఎంయూనా అన్న దగ్గర టీములను ఎంపిక చేసే కమిటీ ఎస్‌ఎంయూను తీసుకుంది. మా షెడ్యూల్ చూడండి అని అలబామా అభిమానులు గగ్గోలు పెట్టారు. చూద్దాం మరి. ఆ షెడ్యూల్‌లో గట్టి భాగం జార్జియా, దాన్ని 41-34తో గెలిచారు. టెన్నెసీ చేతిలో ఓడారు, అది క్షమించదగ్గదే. మిగతా రెండు ఓటములు వాండర్‌బిల్ట్ చేతిలో 40-35, ఓక్లహోమా చేతిలో 24-3. ఆ రెండు టీములూ మామూలు సీజన్‌ను 6-6తో ముగించినవే. షెడ్యూల్ కఠినమని చెప్పి, ఆ షెడ్యూల్‌లోని మెత్తటి చోట పడిన దెబ్బలను మాఫీ చేయమంటే ఎలా? తర్వాత ఎస్‌ఎంయూ వెళ్లి పెన్ స్టేట్ చేతిలో 38-10తో చిత్తయింది, నిజమే. అలబామా కూడా సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లో మిషిగన్ చేతిలో 19-13తో ఓడింది. ఈ రెండు ఫలితాలతో ఎవరూ ఏమీ నిరూపించలేరు.

తేలిక షెడ్యూల్ ఆడినవాళ్లంతా డొల్ల అన్న మాటకూ పెద్ద ఆధారం లేదు. 2017లో యూసీఎఫ్ 12-0తో ఉన్నా కమిటీ పన్నెండో స్థానంలో పెట్టింది, షెడ్యూల్ బలహీనమన్న భావనతో. తమాషా ఏమిటంటే, జార్జియా టెక్‌తో జరగాల్సిన వాళ్ల మ్యాచ్ ఇర్మా తుపాను వల్ల రద్దయింది. గాలివాన కూడా షెడ్యూల్ బలాన్ని తగ్గిస్తుందన్నమాట! చివరికి పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను 34-27తో ఓడించారు. అదే ఆబర్న్ ఆ సీజన్‌లో జార్జియాను, అలబామాను ఒక్కోసారి ఓడించింది, జాతీయ ఫైనల్ ఆడింది ఆ రెండు టీములే. యూసీఎఫ్ వాటికన్నా మేలని నేననను. అంత తీసిపారేయాల్సిన టీమ్ మాత్రం కాదు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే 1972 మయామీ డాల్ఫిన్స్ ఉండనే ఉన్నారు. మామూలు సీజన్‌లోని 14 మ్యాచ్‌లలో వాళ్లకు ఎదురైన టీముల్లో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్నవి రెండే, కాన్సస్ సిటీ, న్యూయార్క్ జెయింట్స్. రెండూ 8-6. ఆ షెడ్యూల్ చూసి వీళ్లను తక్కువ అంచనా వేసినవాళ్లు, క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్, వాషింగ్టన్‌ల మీద వరసగా గెలిచి 17-0తో ట్రోఫీ పట్టుకెళ్తుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. అవతలి వైపు వాదన కూడా చెప్పాలి. ఆ మూడింటిలో ఒక్కటీ ఏడు పాయింట్లకు మించిన గెలుపు కాదు. గట్టివాళ్లు ఎదురైనప్పుడు తేడా కుంచించుకుపోయింది. షెడ్యూల్ గురించి అడగడం తప్పు కాదని ఇక్కడే తెలుస్తుంది.

2024 ఇండియానా నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ. 11-1తో ప్లేఆఫ్‌కు వస్తే, ఎవరితో ఆడారని వెక్కిరించారు. ఓహైయో స్టేట్ చేతిలో 38-15, తొలి రౌండ్‌లో నోటర్ డామ్ చేతిలో 27-17. చూశారా, చెప్పాం కదా అన్నారు. ఆ తర్వాత జాతీయ ఫైనల్ ఆడింది ఎవరు? ఓహైయో స్టేట్, నోటర్ డామ్. ఏడాది మొత్తంలో ఆ ఇద్దరి చేతిలో తప్ప ఓడని టీమ్‌ను మోసగాడిలా చూడటం న్యాయం కాదు.

ఇక పాయింట్ల తేడా. సత్తా కొలవడానికి గెలుపోటముల కన్నా ఇది మేలని నా అభిప్రాయం. ఒక్క పాయింటుతో గెలిచినా, 40తో గెలిచినా రికార్డులో ఒకే గీత. దగ్గరి మ్యాచ్‌లలో బంతి ఎటు దొర్లిందన్న అదృష్టం పాలు చాలా ఉంటుంది. పాయింట్ల తేడాలో ఆ అదృష్టం ప్రభావం కొంత తగ్గుతుంది. అయితే దీన్ని వట్టిగా చూస్తే మళ్లీ ఆముదం చెట్టు సమస్యే. అందుకని సర్దుబాటు చేస్తారు. టీమ్ రేటింగ్ అంటే దాని సగటు పాయింట్ల తేడా, దానికి కలిపి ప్రత్యర్థుల సగటు రేటింగ్. ఒక టీమ్ సగటున 10 పాయింట్లతో గెలుస్తోంది, ప్రత్యర్థుల సగటు మైనస్ 3 అయితే రేటింగ్ 7. ఇంకో టీమ్ సగటున 4తోనే గెలుస్తోంది, ప్రత్యర్థుల సగటు 5 అయితే రేటింగ్ 9. రెండోదే మేలు. ప్రత్యర్థుల రేటింగ్‌కు మళ్లీ వాళ్ల ప్రత్యర్థులది కావాలి కాబట్టి అన్నిటినీ ఒకేసారి సాధించాలి, కంప్యూటర్‌కు అదేం పెద్ద పని కాదు. షెడ్యూల్ బలం ఇక్కడ తన సరైన స్థానంలో ఉంటుంది, కూరలో ఉప్పులాగా. విడిగా వడ్డించరు.

దీనికి ఉన్న లోపం అందరికీ తెలిసిందే. స్కోరు లెక్కలోకి వస్తుందంటే గెలిచాక కూడా బాదుతూనే ఉండే కోచ్‌లు ఉంటారు. అందుకే బీసీఎస్ వాళ్లు 2002 నుంచి కంప్యూటర్ రేటింగుల్లో గెలుపు తేడాను తీసేయించారు. క్రీడాస్ఫూర్తికి మంచిదే, కొలతకు మాత్రం నష్టం.

టీమ్ ఎంత బలమైందన్నది కాక, సాధించిన రికార్డు ఎంత విలువైనదన్నదే మీ ప్రశ్న అయితే, దానికి రికార్డు బలం అనే కొలత ఉంది. ఇదే షెడ్యూల్‌ను ఒక మంచి టీమ్ ఆడి ఉంటే ఇన్ని గెలుపులు రావడానికి ఎంత అవకాశం ఉండేదో చూస్తుంది. ఎవరికి కఠినం అన్న నా ప్రశ్నకు ఇందులో జవాబుంది, అది ముందే ఒక టీమ్‌ను కొలబద్దగా పెట్టుకుంటుంది కాబట్టి. కాలేజీ ప్లేఆఫ్ కమిటీ 2025 సీజన్‌కు ముందు ఇలాంటి కొలతనే చేర్చింది. గట్టివాళ్ల మీద గెలిస్తే ఎక్కువ ఫలం, వాళ్ల చేతిలో ఓడితే తక్కువ శిక్ష, బలహీనుల చేతిలో ఓడితే గట్టి శిక్ష. ఆలస్యంగానైనా మంచి పని చేశారు.

2023 ఫ్లోరిడా స్టేట్ సంగతేమిటని తప్పకుండా అడుగుతారు. 13-0తో కాన్ఫరెన్స్ గెలిచినా నాలుగు టీముల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు, 12-1తో ఉన్న టెక్సస్, అలబామా వెళ్లాయి. దీన్ని షెడ్యూల్ చర్చలో కలపొద్దు. దాడిని నడిపించే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబరులో గాయపడ్డాక ఆ టీమ్ మునుపటిలా లేదన్నది కమిటీ చెప్పిన కారణం. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడటాన్ని సాక్ష్యంగా తెస్తారు గానీ, ఆ మ్యాచ్‌కు ఫ్లోరిడా స్టేట్ ఆటగాళ్లు చాలామంది దిగనే లేదు.

కంటితో చూసి చెప్పడం, సీజన్ ముందు ర్యాంకులు, చేర్చుకున్న కుర్రాళ్లకు నిపుణులిచ్చే స్టార్లు, వీటి గురించి ఎక్కువ రాయను. కంటికి మన టీమే బాగా కనిపిస్తుంది. సీజన్ ముందు ర్యాంకులు సెప్టెంబరులో కాలక్షేపానికి పనికొస్తాయి. స్టార్లకు ఎంతో కొంత విలువ ఉంది, నవంబరు నాటికి మాత్రం చూడటానికి మ్యాచ్‌లే ఉంటాయి.

షెడ్యూల్ బలాన్ని ఎక్కడ వాడాలో చూడాలంటే ఎన్‌ఎఫ్‌ఎల్ వరస చూడండి. కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండు టీముల రికార్డు సమానమైతే, తేలిక షెడ్యూల్ ఆడిన టీమే బలహీనమైనదిగా లెక్కేసి ముందు ఎంచుకోనిస్తారు. రికార్డు సమానం అయ్యాకే ఆ మాట వస్తుంది. ప్లేఆఫ్ చోటు కోసం టై అయితే ముఖాముఖి ఫలితం లాంటివన్నీ చూసి, అప్పటికీ తేలకపోతే, ముందు ఓడించిన ప్రత్యర్థుల రికార్డు చూస్తారు. ఆడిన ప్రత్యర్థులందరి రికార్డు దాని తర్వాతే.