బ్యాంకాక్ నుంచి వచ్చిన పన్నెండు అడీనియంలు

గత మార్చిలో బ్యాంకాక్ శివార్లలోని ఒక నర్సరీ నుంచి, ఇక్కడి దిగుమతి ఏజెంటు ద్వారా, పన్నెండు అంటు అడీనియం (ఎడారి గులాబీ) మొక్కలను హైదరాబాదుకు తెప్పించుకున్నాను. అడీనియం మన కడియంలోనూ దొరుకుతుంది. అయితే థాయ్ పెంపకందారులు ఏళ్ల తరబడి సంకరపరచి సాధించిన ముద్దపూల రకాల కోసం నేను అంత దూరం వెళ్లాను.

అన్నిటికన్నా నన్ను మెప్పించినది ప్యాకింగ్. వేళ్లకు మట్టి రేణువైనా మిగలకుండా కడిగి, నీడన ఆరబెట్టి, ఆకులు చాలావరకు తుంచి, ఒక్కొక్క మొక్కనూ పాత వార్తాపత్రికలో చుట్టి, రకం పేరు రాసిన చీటీ కట్టి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో కదలకుండా సర్దారు. మట్టితో పాటు నులిపురుగులు, శిలీంధ్రాలు వస్తాయి కనుక మొక్కల వేళ్లకు మట్టి ఉండకూడదన్నది మన దేశపు నిబంధన. దుంపలో నీరు దాచుకునే అడీనియంకు ఈ ప్రయాణం పెద్ద కష్టం కాదు. పలుచని వేళ్లున్న మొక్కలకు ఇదే పద్ధతి ప్రాణాంతకం కావచ్చు.

పత్రాల విషయంలో మాత్రం నర్సరీ తీరు నాకు నచ్చలేదు. చిన్న పార్సిలును ఎవరూ తెరిచి చూడరని, బహుమతిగా రాసి పోస్టులో పంపుతామని మొదట వారే సూచించారు. నేను ఒప్పుకోలేదు. తనిఖీ లేకుండా వచ్చే మొక్కలతో బయటి పురుగులూ రావచ్చు. మధ్య అమెరికాకు చెందిన సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరిలో బయటపడి, ఆ తరువాత మన గోదావరి జిల్లాల తోటలకు పాకి రైతులను ఎంత ఏడిపించిందో చూసినవాడిని. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం సరుకు బయలుదేరకముందే ఇక్కడి దిగుమతి అనుమతి, మొక్కలకు తెగుళ్లు, పురుగులు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ సిద్ధంగా ఉండాలి. ఆ ఉత్తర్వులోని షెడ్యూళ్లలో, అంటే మొక్కల జాబితాల్లో, లేని మొక్కయితే ముందుగా దాని వల్ల వచ్చే తెగుళ్ల ముప్పును అంచనా వేయాలి. ఆర్కిడ్లు కోరుకునేవారికి వీటికి తోడు సైట్స్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పత్రం కూడా అవసరమవుతుంది.

ఖర్చు ముందే తెలుసుకోవడం మంచిది. మొక్క ధర సుమారు 600 రూపాయలైతే, రవాణా, పత్రాలు, ఏజెంటు రుసుము కలిసి ఒక్కో మొక్కకు మరో 1,400 అయ్యాయి. ఏజెంటు శుక్రవారం చేరే విమానంలో సరుకు వేయించడం వల్ల పెట్టె సోమవారం దాకా తనిఖీకి నోచుకోక వేడిలోనే ఉండిపోయింది. రెండు మొక్కల దుంపలు మెత్తబడి కుళ్లాయి. వారం మొదట్లో చేరేలా పంపమని రాతపూర్వకంగా కోరి ఉండవలసింది.

మిగిలిన పదింటినీ ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువగా, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) తక్కువగా కలిపిన మిశ్రమంలో నాటి, వారం రోజులు నీళ్లు పోయకుండా నీడలో ఉంచాను. మూడో వారానికి చిగుళ్లు వచ్చాయి. ఇంతవరకు ఏడు పూశాయి. ఆరు చీటీలో చెప్పిన రకాలే, ఒక్కటి మాత్రం మామూలు ఒంటిరేక గులాబీ రంగుది. ఫోటో పంపగానే నర్సరీవారు తప్పు ఒప్పుకొని, బదులు మొక్క పంపుతామన్నారు. ఒక్క మొక్క కోసం అనుమతులన్నీ మళ్లీ తెచ్చుకోలేనని చెప్పి ధర తిరిగి ఇమ్మన్నాను. నాలుగు రోజుల్లో ఇచ్చేశారు.