రెండు కాలాల నవలలకు ఒక అద్దె పుస్తకాల దుకాణం

విశాఖలో ఆశీలుమెట్ట నుంచి ద్వారకానగర్ వైపు వెళ్ళే సందుల్లో ఒకదానిలో, మొదటి అంతస్తులో, రెండు గదుల అద్దె పుస్తకాల దుకాణం ఉంది. యజమానురాలు పేరు రాయవద్దని కోరారు గనుక రాయడం లేదు; ఉన్న సభ్యులకే పుస్తకాలు చాలడం లేదని ఆమె బాధ. కింద జిరాక్సు దుకాణం, మెట్ల పక్కన టిఫిన్ బండి అని చెబితే ఆ చుట్టుపక్కల వారికి తెలిసిపోతుంది. ఏడాదిన్నరగా నేను అక్కడ సభ్యురాలిని. అయితే ఈ సమీక్ష దుకాణం మొత్తం గురించి కాదు, లోపలి గదిలో కిటికీ పక్కన ఉన్న ఒకే ఒక బీరువా గురించి. యుద్ధకాలంలో ఒక స్త్రీ కథ, ఈనాడు మరొక స్త్రీ కథ, రెండూ జడపాయల్లా అల్లుకుంటూ సాగే చారిత్రక నవలలు మాత్రమే అందులో ఉంటాయి. నేను లెక్కపెట్టిన రోజున 140కి పైగా ఉన్నాయి. వాటిలో 31 చదివాను.

దుకాణం నడిపే ఆవిడ ఒక పాఠశాల గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. అందరూ ఆమెను టీచరుగారనే పిలుస్తారు. రచయితల పేర్ల అక్షరక్రమంలో పుస్తకాలు సర్దడం ఆమెకు నచ్చదు. ఈ బీరువాలో పుస్తకాలు యుద్ధం జరిగిన ఏడాదిని బట్టి, చోటును బట్టి పైనుంచి కిందికి ఉంటాయి. పై అరలో మొదటి ప్రపంచ యుద్ధం, 1914 నుంచి 1918 దాకా. దాని కింద రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫ్రాన్సు. ఆ కింద లండన్, ఇంగ్లండు పల్లెలు. నాలుగో అరలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరం, తూర్పు ఐరోపా. అట్టడుగు అరకు “మన వైపు” అని చేత్తో రాసిన చీటీ అంటించి ఉంది. అందులో ఉన్నవి మూడే పుస్తకాలు. మిగిలిన చోటులో టీచరుగారు తన లెడ్జర్లు, జిగురు సీసా, చిరిగిన అట్టలు పెట్టుకున్నారు.

సభ్యత్వం తీసుకున్న రోజున ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “నీకు ఏడుపు కావాలా, చరిత్ర కావాలా అమ్మా?” అని. రెండూ కావాలన్నాను. “అయితే వరసగా రెండు ఫ్రాన్సు పుస్తకాలు ఇవ్వను. రెండోదాని మీద అన్యాయంగా కోపం వస్తుంది” అన్నారు. ఆ నియమం ఎంత సరైనదో మూడు నెలలు తిరగకముందే అర్థమైంది. ఈ తరహా నవలల్లో సగానికి సగం ఒకే మూసలో పోసినట్టుంటాయి. అమ్మమ్మ చనిపోతుంది, పెట్టెలో ఉత్తరాల కట్ట దొరుకుతుంది, మనవరాలు విమానమెక్కుతుంది, పాతకాలపు ఇంటి ముందు ఒక అందగాడు ఎదురవుతాడు. ఇలాంటివి రెండు వెంటవెంటనే చదివితే మంచిది కూడా చెడ్డదిగానే కనిపిస్తుంది. ఏది మూస, ఏది కాదు అన్నది తెలిసి చేతికిచ్చే మనిషి ఉండడమే ఈ దుకాణం గొప్పతనం. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు “ఇది నచ్చినవారికి అదీ నచ్చుతుంది” అని వచ్చే సూచన సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేస్తుంది.

పై అరలోని పుస్తకాలు నాకు అన్నింటికన్నా గట్టివనిపించాయి. వాటిలో పలు నవలలకు ఆధారం లూయీజ్ ద బెతిన్యీ అనే ఫ్రెంచి మహిళ. జర్మన్ల అధీనంలో ఉన్న లీల్ నగరం నుంచి సైనిక రైళ్ళ రాకపోకల సమాచారం సేకరించి బ్రిటిష్ వారికి చేరవేసిన గూఢచారుల బృందాన్ని ఆమె ఆలిస్ అనే మారుపేరుతో నడిపింది. 1915 అక్టోబరులో పట్టుబడింది. యుద్ధం ముగియడానికి కొద్ది వారాల ముందు, 1918 సెప్టెంబరులో, ఖైదీగానే మరణించింది. చివరికి ఏమవుతుందో పాఠకులకు ముందే తెలిసిన కథను ఎత్తుకున్న రచయితకు, కన్నీళ్ళు రప్పించే మలుపును కల్పించుకునే వీలు ఉండదు. అందుచేత ఆమె కాగితం ఎక్కడ దాచింది, తనిఖీ దగ్గర ఏ ముఖం పెట్టింది అన్న వివరాల మీద శ్రద్ధ పెట్టక తప్పదు. ఈ నవలల బలం ఆ కట్టుబాటులోనే ఉంది.

నూర్ ఇనాయత్ ఖాన్ మీద రాసినవి మాత్రం నన్ను నిరాశపరిచాయి. టిప్పు సుల్తాన్ వంశీకురాలు కావడం వల్ల మన సభ్యులు ఆ పుస్తకాల కోసం వరస కడతారని టీచరుగారు చెప్పారు. 1943 జూన్‌లో బ్రిటిష్ వారు చిన్న విమానంలో రాత్రివేళ జర్మన్ల అధీనంలోని ఫ్రాన్సులో రహస్యంగా దింపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. దిగిన కొద్ది రోజులకే తోటివారు ఒక్కొక్కరుగా పట్టుబడ్డారు. తిరిగి రమ్మన్నా రాకుండా, చేతిపెట్టెలో పట్టే వైర్‌లెస్ సెట్టును మోసుకుంటూ ఇళ్ళు మారుతూ, అక్టోబరులో పట్టుబడేదాకా సందేశాలు పంపింది. 1944 సెప్టెంబరులో జర్మనీలోని డాఖౌ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. మరణానంతరం 1949లో బ్రిటన్ సాహస పురస్కారం జార్జి క్రాస్ ప్రకటించారు. ఆమె ఈ పనికి తగదని శిక్షకుల్లో కొందరు రాసి పెట్టారన్నది నాకు ఈ కథ మొత్తంలో అతి ముఖ్యమైన సంగతి. నేను చదివిన రెండు నవలలూ ఆ సందేహాన్ని ఒక వాక్యంతో దాటేసి, ఆమెను మొదటి పేజీ నుంచే దేవతను చేశాయి. భయపడని మనిషి నిలబడిందంటే అందులో చదవడానికి ఏముంది?

మూడో అరలో బ్లెచ్‌లీ పార్క్ నవలలు ఎక్కువ. శత్రువుల సంకేత భాషను విప్పిన ఆ కేంద్రంలో 1945 నాటికి దాదాపు 9 వేల మంది పనిచేసేవారు, వారిలో నాలుగింట మూడు వంతులు స్త్రీలు. అక్కడి పని గురించి నోరు విప్పబోమని సంతకం చేసినవారు 1970ల దాకా ఆ మాటకు కట్టుబడ్డారు. భర్తలకు కూడా చెప్పనివారున్నారు. రెండు కాలాల నవలకు ఇంతకన్నా తగిన నేల లేదని నా అభిప్రాయం. మామూలుగా ఈ తరహాలో నాకు వచ్చే మొదటి సందేహం, ఇంత పెద్ద సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఎలా ఉందని. ఇక్కడ ఆ ప్రశ్నకు చరిత్రే జవాబు చెప్పేసింది, కాబట్టి రచయిత దొంగ ఉత్తరాలు పుట్టించనక్కరలేదు.

లెనిన్‌గ్రాడ్ అర గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే వాటిని భోజనం ముందు చదవలేం. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి వరకు జర్మన్లు ఆ నగరాన్ని చుట్టుముట్టి సాగించిన ముట్టడిలో, మొదటి చలికాలంలో, శ్రామికులు కానివారికి రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. కింద టిఫిన్ బండి దగ్గర మూడు ఇడ్లీలు అంత బరువు తూగుతాయి. ఆ అరలోని ఒక నవల వెనక అట్ట లోపల, యుద్ధం రోజుల్లో రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తన తల్లి గింజలు లెక్కపెట్టేదని ఎవరో వణికే చేతిరాతతో పెన్సిలుతో రాశారు. ప్రతి పుస్తకం చివర ఇలా ఒక తెల్ల కాగితం అంటించి, చదివినవారిని రెండు ముక్కలు రాయమనడం ఇక్కడి ఆనవాయితీ. అన్నీ గంభీరమైనవి కావు. ఫ్రాన్సు అరలోని ఒక నవలలో, “172వ పేజీ తరువాత ఈ కాలం కథ వదిలేసి చదివాను, ఏమీ నష్టపోలేదు” అని ఉంది. దాని కింద మరో ఇద్దరు “నిజం” అని సంతకాలు పెట్టారు.

ఆ మాట ఈ తరహా మొత్తానికీ వర్తిస్తుంది. యుద్ధకాలపు పాయలో ఆకలి ఉంది, నిఘా ఉంది, తప్పు చేస్తే ప్రాణం పోతుంది. ఈనాటి పాయలోని నాయికకు తరచుగా విడాకులో, విసుగు పుట్టిన ఉద్యోగమో తప్ప మరేదీ ఉండదు. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు రెండోది తేలిపోతుంది. ఈనాటి స్త్రీకి కష్టాలు లేవని కాదు. ఆ కష్టాలను రచయితలు తగినంత ఓపికతో చూడరు. ఇంగ్లిషు చదవని మా అత్తగారికి రాత్రిపూట ఈ కథలు చెబుతుంటాను. ఒకసారి ఆవిడ మధ్యలో ఆపి, “ఆ పిల్ల ఉద్యోగం మానేసి దేశాలు తిరుగుతోంది, డబ్బులెక్కడివి? ఇంట్లో ముసలాళ్ళను ఎవరు చూస్తున్నారు?” అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఉన్న నవలలు నేను చదివిన 31లో నాలుగు. ఆ నాలుగూ మంచి నవలలు కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇక అట్టడుగు అర. అక్కడున్న మూడింటిలో ఒకటి 1943లో సింగపూర్‌లో నేతాజీ సైన్యంలో స్త్రీల కోసం ఏర్పడిన ఝాన్సీ రాణి దళం గురించి, ఒకటి దేశ విభజన గురించి, మూడోది 1942లో బర్మా నుంచి కాలినడకన వచ్చిన కుటుంబం గురించి. మూడూ ఇంగ్లిషులోనే ఉన్నాయి, మూడింట్లోనూ తెలుగు మనిషి లేదు. విశాఖలో కూర్చొని చదివేవారికి ఇది గుచ్చుకోక తప్పదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయి. నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగి అప్పటికి ఏడాది నిండలేదు. జనం మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయారు. ఆ ఏడాదే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు మారింది. ఆనాడు పడి పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. యుద్ధకాలంలో కట్టిన కాంక్రీటు కాపలా గూడు ఇసుక కోసుకుపోయినప్పుడల్లా బీచిలో బయటపడుతుంది. పాతకాలపు పాయకు కావలసిన సరుకంతా ఊళ్ళోనే ఉంది, అయినా ఆ అర ఖాళీ.

టీచరుగారితో ఈ మాట అన్నప్పుడు ఆవిడ నవ్వి, “అటక మీద ఉత్తరాలు దొరకాలి కదమ్మా” అన్నారు. మన అటకల మీద ఇత్తడి గంగాళాలు, పాత జాడీలు, విరిగిన ఉయ్యాల బల్ల దొరుకుతాయి. 1951 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 9 మంది మాత్రమే. డైరీ రాసుకున్న అమ్మమ్మ అనే మూసను యథాతథంగా తెచ్చుకుంటే అది మన ఇంట్లో నిలవదు. నోటి మాటగా వచ్చినదాని మీద, సగం గుర్తున్నదాని మీద, ఇద్దరు చెల్లెళ్ళు రెండు విధాలుగా చెప్పినదాని మీద నవల కట్టే పద్ధతి మనమే వెతుక్కోవాలి. బర్మా నవల వెనక కాగితం మీద ఎవరో రాసిన నాలుగు వాక్యాలు నాకు ఆ పద్ధతికి మొదలులా కనిపించాయి. బాంబులు పడ్డ మర్నాడు తన తల్లి ఎడ్లబండిలో విజయనగరం వైపు వెళుతూ పొయ్యి మీద పాలు దించానో లేదో అని దారంతా తలుచుకుందట. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఇల్లు దాటే ముందు పొయ్యి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి చూసేదట.

లోపాలు లేకపోలేదు. సముద్రపు గాలికి కాగితాలు పసుపు రంగు తేలి, కొన్నింటి కుట్లు ఊడిపోయాయి. నేను తెచ్చుకున్న ఒక నవలలో చివరి 16 పేజీలు లేవు. ఎవరు ఎవరిని పట్టించారో ఆ పేజీల్లోనే తెలియాలి. ఆ పుస్తకం అద్దె వెనక్కి ఇచ్చారు కానీ, ఇచ్చే ముందు పేజీలు చూసుకోవలసిన బాధ్యత వారిదే. ఫోను తీయరు. పుస్తకం దాచి పెట్టమని ముందుగా చెబితే లెడ్జరులో రాస్తారు, ఆ లెడ్జరు వెతకడం మరచిపోతారు. తెలుగు అనువాదాలు ఒక్కటీ లేవు. అవి మార్కెట్లోనే అరుదని ఆవిడ చెప్పేది నిజమే అయినా, మా అత్తగారి వంటివారికి ఈ బీరువా మూసి ఉన్నట్టే లెక్క. డిపాజిట్ 500 రూపాయలు. అద్దె పుస్తకం వెలలో పదో వంతు, గడువు 15 రోజులు. కొత్త నవల 500 నుంచి 700 రూపాయలు పలుకుతున్నప్పుడు ఇది న్యాయమైన ధరే. ఆలస్యమైతే రోజుకు 5 రూపాయలు వసూలు చేస్తారు, బతిమాలినా వదలరు.

కొత్తగా వెళ్ళేవారు పై అరతో మొదలుపెట్టి, బ్లెచ్‌లీ మీదుగా కిందికి రావడం మంచిది. ఫ్రాన్సు అరలో ఏది తీసుకోవాలన్నా టీచరుగారిని అడిగే తీసుకోండి. అట్టడుగు అరలో గత సంక్రాంతి నుంచి లెడ్జర్లను పక్కకు జరిపి ఆవిడ ఒక పెద్ద గీతల నోటుపుస్తకం పెట్టారు. ఇంట్లో పెద్దవారు యుద్ధం రోజుల గురించి చెప్పినవి సభ్యులు అందులో రాయవచ్చు. నేను చూసేనాటికి 11 పేజీలు నిండాయి, అందులో మా అత్తగారు చెప్పగా నేను రాసినది ఒకటిన్నర పేజీ. దాన్ని అద్దెకు ఇవ్వరు, అక్కడే కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చొని చదవాలి. ఆదివారం ఉదయం 10 గంటలలోపు వెళితే ఆ కుర్చీ ఖాళీగా దొరుకుతుంది.