పార్క్‌లేన్‌లో ఒక రేకు కోసం

300 రూపాయలు, బిల్లు లేకుండా, పేరు "చెకింగ్ ఛార్జీ". కంప్యూటర్ సామాను దొరికే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అద్దాల తలుపులతో మెరిసే ఒక కంప్యూటర్ షాపు మా దగ్గర గుంజిన మొత్తం ఇది. డబ్బు పెద్దదేం కాదు. దేనికి తీసుకున్నారన్నదే ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

ఖమ్మంలో మాకు ఎరువుల షాపు ఉంది. బిల్లింగ్ కంప్యూటర్ పాతది: 775 సాకెట్, జీ31 చిప్‌సెట్ ఉన్న పాతకాలపు మదర్‌బోర్డు, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజుది. దాని వెనక పారలల్ పోర్టు (పాత ప్రింటర్ల వెడల్పాటి సాకెట్) ఉంది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు దాని మీదే నడుస్తుంది. మూడు కాపీల బిల్లు ఒక్క దెబ్బకి పడుతుంది కాబట్టి దాన్ని వదిలే ఉద్దేశం లేదు. బోర్డుకి ఏ రోగమూ లేదు. బోర్డు కూర్చునే డబ్బా, అంటే క్యాబినెట్టే తుప్పు పట్టి అడుగు ఊడింది. పోర్టుల చుట్టూ ఉండే వెనక రేకు ముట్టుకుంటే పొడి రాలుతోంది. నేనూ వస్తానంటూ బామ్మర్ది తయారయ్యాడు, ఏదో ఆఫీసు వేలంలో కొన్న డెల్ ఆప్టిప్లెక్స్ 755 బోర్డు సంచిలో పెట్టుకుని. దానికీ ఒక క్యాబినెట్ కొనాలట.

ఆదివారం అక్కడ చాలా షాపులు మూసే ఉంటాయి కాబట్టి శుక్రవారం సాయంత్రమే రైలెక్కాం. స్టేషన్ దగ్గర లాడ్జి 1,100, వేడినీళ్లు వచ్చాయి, అంతకుమించి చెప్పేదేం లేదు. పొద్దున అల్ఫా హోటల్లో చాయ్ తాగి బయటికొస్తే ఆటోవాలా 150 అన్నాడు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే ప్యారడైజ్ రెండో స్టేషనే. అక్కడ దిగి నడిచాం. బామ్మర్దికి నడక గిట్టదు, సీటీసీ అని అందరూ పిలిచే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు.

ఇక ఆ అద్దాల షాపు. లోపలంతా రంగు లైట్ల క్యాబినెట్లు. ఒకటి చూపించి "ఏ బోర్డయినా పడుతుంది సర్, 2,700" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పడుతుందన్న మాట సగమే నిజం. మైక్రో ఏటీఎక్స్ కొలత 244 × 244 మిల్లీమీటర్లు, స్క్రూ రంధ్రాలు చాలావరకు పెద్ద సైజు ఏటీఎక్స్ బోర్డుల రంధ్రాల స్థానాలతోనే కలుస్తాయి, అందుకే బోర్డు కూర్చుంది. కానీ ముందువైపు యూఎస్‌బీ వైరుకి ఉన్నది 3.0 రకం పెద్ద ప్లగ్గు. మా బోర్డు మీద ఆ వైరు గుచ్చడానికి ఉన్నవి 9 పిన్నుల పాత 2.0 హెడర్లు మాత్రమే. "కన్వర్టర్ 250" అన్నాడు. డీవీడీ డ్రైవ్ ఎక్కడ పెట్టాలి అంటే మా వైపు జాలిగా చూశాడు.

అసలు గొడవ వెనక రేకు దగ్గర వచ్చింది. ఏటీఎక్స్ క్యాబినెట్లన్నిటికీ వెనక ఉండే దీర్ఘచతురస్రపు కంత కొలత ఒకటే, సుమారు 159 × 45 మిల్లీమీటర్లు. అందులో బిగించే రేకుకి ఉండే చిల్లులు మాత్రం ఏ బోర్డువి ఆ బోర్డుకే. కుర్రాడు "యూనివర్సల్" అంటూ ఒక రేకు తెచ్చాడు, దానికి పారలల్ పోర్టు చోటే లేదు. మేం వద్దు వద్దంటుండగానే కత్తెరతో పరపరా కోశాడు. అంచులు బ్లేడులా తేలాయి. నొక్కి బిగిస్తే రేకు స్ప్రింగు నాలుక ఒకటి వంగి ల్యాన్ పోర్టు లోపలికి దూరింది. కేబుల్ పెడితే కనెక్షన్ రాదు, లోపలి పిన్నులు షార్టయినా అవుతాయి. వద్దని బోర్డు విప్పించుకుంటే ఓనరు వచ్చి, మా టైం వేస్టయింది, 300 కట్టండి అన్నాడు. పడుతుందని చెప్పింది వాళ్లు, పడకపోతే డబ్బు మాది! బామ్మర్ది అరవబోయాడు. బోర్డు ఇంకా వాళ్ల టేబుల్ మీదే ఉంది కదా, కట్టేసి తీసుకుని వచ్చాం.

పై అంతస్తులో సెకండ్‌హ్యాండ్ సామాను అమ్మే పెద్దాయన దగ్గరికి వెళ్లేసరికి మా మూడ్ పూర్తిగా పాడైంది. ఆయన అడిగిన మొదటి మాట "ఫోటో తెచ్చిండ్రా, బోర్డే తెచ్చిండ్రా?" అని. బోర్డు చూసి గోనెసంచి బోర్లించాడు. అన్నీ వెనక రేకులే. క్యాబినెట్ జోలికే పోలేదు, ఒక్కో రేకునీ నేరుగా పోర్టుల మీద ఆనించి చూస్తూ పోయాడు. పాత కీబోర్డు, మౌస్ పెట్టే పీఎస్/2 జంట కలిస్తే పారలల్ కలవదు, అది కలిస్తే ఆడియో రంధ్రాలు ఆరుంటాయి, మాకు మూడే. ఓపిగ్గా వెతికి చివరికి ఒకటి తీశాడు. టక్కున కూర్చుంది. 80 రూపాయలు. మా బోర్డు ఇంటెల్ వాళ్లదే. ఆ కంపెనీ డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం మానుకుంటున్నట్టు 2013లోనే ప్రకటించింది, ఇక కొత్త రేకు ఎక్కడ దొరుకుతుంది?

క్యాబినెట్ కూడా ఆయన దగ్గరే, అమ్ముడుపోని పాత స్టాకు, 1,250. ముందు 9 పిన్నుల యూఎస్‌బీ వైర్లు, డీవీడీకి చోటు, అన్నీ ఉన్నాయి. బిగించే ముందు లోపల, బోర్డుని ఎత్తి పట్టే ఇత్తడి స్టడ్‌లలో ఒకటి పీకేశాడు. బోర్డులో రంధ్రం లేనిచోట స్టడ్ ఉంటే కింద సోల్డరుకి తగిలి షార్టవుతుందట. కింది షాపులో ఈ సంగతి ఎవడూ పట్టించుకోలేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సప్లై డబ్బా) పోయినేడు మార్చిందే కాబట్టి అదే వాడుకున్నాం. అక్కడే ఆన్ చేసి చూపించాడు, ఫిట్టింగుకి పైసా అడగలేదు.

పాత బోర్డుతో వెళ్లేవాళ్లు ఫోటోలు నమ్ముకోకండి, బోర్డే పట్టుకెళ్లండి. ముందు రేకు దొరికించుకుని తర్వాతే క్యాబినెట్ బేరం మొదలుపెట్టండి. కింది అంతస్తు మెరుపులు చూసి ఆగిపోవద్దు, మెట్లెక్కండి.

బామ్మర్ది బోర్డు మాత్రం తేలలేదు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది బీటీఎక్స్ అనే వేరే రకం డిజైన్ అన్నాడు. మామూలు క్యాబినెట్లో బోర్డు ఏ పక్కన కూర్చుంటుందో ఇది దానికి ఎదురు పక్కన కూర్చోవాలి, కార్డు స్లాట్లు, పోర్టులు అన్నీ తారుమారు. ఇంటెల్ ఆ డిజైన్‌ని 2006లోనే పక్కన పెట్టేసింది. "దీనికి దాని డబ్బానే కావాలె, లేకుంటే 400 ఇస్త, ఇచ్చిపో" అన్నాడు. వీడు ఇవ్వలేదు. తిరుగు రైల్లో కాజీపేట దాటేదాకా మాట్లాడలేదు, తర్వాత బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఆ క్యాబినెట్ దొరకొచ్చని మొదలుపెట్టాడు. టికెట్లు ఎవరు తీయాలన్న దగ్గర ప్రస్తుతం ఆగింది.