పాత కుట్టు ప్యాటర్న్‌ల ఆన్‌లైన్ వేలం: కొనేవారు, అమ్మేవారు, కవరు లోపలి ముక్కలు

అమెరికాలో ఉంటూ పాత కాగితపు కుట్టు ప్యాటర్న్‌లను ఈబే వేలంలో చాలా ఏళ్లుగా కొంటున్నాను. పని అయిపోయినవాటిని అక్కడే అమ్ముతున్నాను. మన దర్జీలు పాత న్యూస్‌పేపరు మీద గీసి కత్తిరించి దాచుకునే పేపర్ కటింగ్‌నే ఇక్కడ కంపెనీలు అచ్చువేసి కవర్లలో పెట్టి అమ్మాయి. కవరు మీద గౌను బొమ్మ ఉంటుంది. లోపల ముందు భాగం, వెనక భాగం, చేతులు, మెడ పట్టీల ఆకారాలున్న పలచని టిష్యూ కాగితాలు, ఏది దేనికి కలిపి కుట్టాలో చెప్పే పత్రం ఉంటాయి. బటరిక్ 1863లో, మెకాల్ 1870లో మొదలైన వ్యాపారాలు. వోగ్, సింప్లిసిటీ ఆ తరువాత వచ్చాయి. నేను వీటి జోలికి వెళ్లింది ప్రిన్సెస్ కట్ జాకెట్ల కోసం. 1950ల నాటి గౌన్ల పైభాగం ఒంటికి అతికినట్టు కూర్చునేలా గీసి ఉంటుంది గనుక, దాన్ని నడుముకు పైన ఆపేసి, మెడను మనకు కావలసినంత దించుకుంటే చీర మీదికి ఏ వంకా లేని జాకెట్టు వస్తుంది.

ఈ సరుకులో ఉన్న చిక్కంతా ఒకచోటే ఉంది. ఫోటోలో కనిపించేది కవరు, మనకు కావలసింది కవరు లోపలిది. అమ్మేవారిలో ఎక్కువమందికి కుట్టు రాదు. పెద్దావిడ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిన పెట్టెను టోకుగా కొని, ఒక్కొక్క కవరునూ ఫోటో తీసి వేలానికి పెడతారు. అలాంటివారు వివరణలో ‘అన్నీ ఉన్నట్టున్నాయి’ అని రాస్తే అబద్ధం ఆడుతున్నారని అనుకోనక్కరలేదు. కవరు లావుగా ఉందన్నంత వరకే వారికి తెలుసు. అందుకే పాట పాడేముందు నేను ప్రతి అమ్మకందారునూ ఒకే ప్రశ్న అడుగుతాను: పత్రం మీద ఉన్న ముక్కల పటంతో సరిచూసి లెక్కపెట్టారా? ‘ఎ నుంచి కె దాకా ఉన్నాయి, జి చిరిగితే టేపు వేశారు, జేబు ముక్క లేదు’ అని జవాబిచ్చిన మనిషి దగ్గర నేను కళ్లు మూసుకుని కొంటాను. ‘పాత వస్తువు, ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను’ అన్నవారికి మర్యాదగా ధన్యవాదాలు చెప్పి పక్కకు తప్పుకుంటాను. జవాబే ఇవ్వనివారి కవరుకు నేను కట్టే ధర కవరు మీది బొమ్మకు మాత్రమే.

అన్నిటికంటే నమ్మదగింది కత్తిరించకుండా, ఫ్యాక్టరీలో మడిచిన మడత విప్పకుండా ఉన్న ప్యాటర్న్. వివరణలో ఆ మాట ఉంటే ధర ఎక్కువే పలుకుతుంది. అయితే మడతను పక్కనుంచి తీసిన ఫోటో లేకపోతే ఆ మాటకు విలువ లేదు, ఎందుకంటే ఒకసారి విప్పిన టిష్యూను మళ్లీ ఆ అంచులతో, అంత చదునుగా మడవడం ఎవరి తరమూ కాదు. కత్తిరించిన వాటిలో నాకు ఎదురైన చిత్రమైన కేసు ఒక 1950ల జాకెట్టు ప్యాటర్న్. అన్నీ ఉన్నాయని రాసి ఉంది, లెక్కకూ సరిపోయాయి. తీరా ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూస్తే చేతి ముక్క మీద ఉన్న నంబరు వేరు, కంపెనీ కూడా వేరు. చంక గుండ్రం కొలిస్తే చెయ్యి ఏకంగా రెండంగుళాలు పెద్దది. టిష్యూకు గుచ్చి మరచిపోయిన గుండుసూది తుప్పుపట్టి, చుట్టూ గోధుమరంగు మరక వదిలింది. అంటే ఆ రెండు ప్యాటర్న్‌లనూ ఎవరో నిజంగానే కలిపి కుట్టుకున్నారు. అమ్మినావిడ మారుమాట లేకుండా డబ్బు తిరిగి ఇచ్చి, కవరు నన్నే ఉంచుకోమన్నది.

తెలియనితనం ఒక్కోసారి కొనేవారికి కలిసివస్తుంది కూడా. వోగ్ వంటి కంపెనీల ప్యాటర్న్‌ల మీద 1950ల రెండో సగం వరకు అచ్చు గీతలు ఉండేవి కావు. టిష్యూకు పొడిచిన చిన్నాపెద్దా చిల్లులే డాట్లకూ (ఒంటికి అతికేలా బట్టను ముడిచి కుట్టే చోట్లు), బట్ట నిలువు పోగుకూ, మడత పెట్టవలసిన అంచుకూ గుర్తులు. ఒక అమ్మకందారు ఆ చిల్లులను పురుగు కొట్టినవిగా భావించి, నిజాయితీగా ఆ మాటే వివరణలో రాశాడు. నాతో పోటీకి ఎవరూ రాలేదు.

కొలతల సంగతి మాత్రం తెలిసినవారిని కూడా బోల్తా కొట్టిస్తుంది. 1960ల మొదట్లో 34 అంగుళాల ఛాతీకి 14వ నంబరు ప్యాటర్న్ ఉండేది. 1968 నాటికి కంపెనీలు నంబర్లు మార్చడంతో అదే ఛాతీకి 12 వచ్చింది. ఆ కాలపు కవర్ల మీద కొత్త సైజులని ప్రత్యేకంగా అచ్చువేసి ఉంటుంది. ఇప్పటి రెడీమేడ్ నంబర్లకు ఈ రెంటితోనూ పొత్తు లేదు. కనుక శీర్షికలో నంబరు మాత్రమే రాసి, ఛాతీ కొలత రాయని ప్రకటనను నేను సగం ప్రకటనగానే లెక్కిస్తాను. ఏ కవరు ఏ సంవత్సరానిదో తేల్చుకోవడానికి రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయం వారి కమర్షియల్ ప్యాటర్న్ ఆర్కైవ్ ఉంది. ‘1940ల అపురూపం’ అని అమ్మకందారు రాసుకున్న వాటిలో 1970ల సరుకు ఎంతుందో నాకు తెలిసింది ఇలాంటి చోట్ల సరిచూడడం అలవాటయ్యాకనే.

పాట పాడే పద్ధతి న్యాయంగానే ఉంటుంది. మనం ఇవ్వగల గరిష్ఠ ధర ఒకసారి చెబితే, అవసరమైన మేరకే ఈబే మన తరఫున పాట పెంచుకుంటూ పోతుంది. నేను 22 డాలర్లు పెట్టి, నా తరువాతి మనిషి 14 దగ్గర ఆగితే, నాకు అది 14 డాలర్ల 50 సెంట్లకే దక్కుతుంది. ఇది తెలిసి కూడా రోజంతా పావలా పావలా పెంచుకునేవారు ఉన్నారు, ఆఖరి సెకన్ల దాకా చప్పుడు చేయకుండా కూర్చుని ఒక్కసారిగా పైకి వచ్చేవారూ ఉన్నారు. రెండో రకం మీద కోపగించుకోవడం దండగ. మన గరిష్ఠ ధర నిజంగా గరిష్ఠమే అయితే చివరి సెకను పాటకు ఉడుక్కోవలసిన పని లేదు. నా మటుకు వేలం నిజంగా అక్కరకు వచ్చేది అరుదైన వాటికే: డిజైనర్ డయాన్ ఫాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ రూపొందించిన, ఒంటికి చుట్టి కట్టుకునే గౌనుకు వోగ్ వేసిన 1549 నంబరు ప్యాటర్న్, లేదా కుట్టిన బట్టకు తగిలించుకొనే నేత లేబుల్‌తో సహా ఉన్న వోగ్ పారిస్ ఒరిజినల్ (పారిస్ డిజైనర్ల గౌన్లకు వోగ్ వేసిన ప్యాటర్న్) వంటివి. మామూలు 1980ల సింప్లిసిటీ కవరు కోసం వారం రోజులు వేలంలో కూర్చోవడం కంటే, పదీ పదిహేను కలిపి ఒకే ధరకు అమ్మేవారిని వెతకడం మేలు, తపాలా ఖర్చు ఒక్కసారే పడుతుంది.

అమ్మకందారుకు కొనేవారు ఇచ్చే చుక్కలు (స్టార్ రేటింగు) వివరణ, సంభాషణ, పంపిన వేగం, తపాలా ధర అనే నాలుగింటి మీద ఉంటాయి. ప్యాటర్న్‌ల విషయంలో ఇందులో మొదటిదే బలహీనం. కవరు వచ్చిన రోజే ముక్కలు లెక్కపెట్టేవారు తక్కువ; బట్ట దొరికి, తీరిక చిక్కి, కవరు విప్పేసరికి ఆర్నెల్లు అవుతుంది. వస్తువు వివరణకు తగ్గట్టు లేదని చెప్పుకునే గడువు మాత్రం 30 రోజులే. అప్పటికే ఆ అమ్మకందారుకు ‘చక్కని ప్యాకింగ్, త్వరగా వచ్చింది’ అని అయిదు చుక్కలు పడి ఉంటాయి. నేను ఇప్పుడు పార్సిల్ వచ్చిన సాయంత్రమే పత్రం ముందు పెట్టుకుని ఒక్కొక్క ముక్కకూ టిక్కు పెడతాను, చుక్కలు ఆ తరువాతే.

అమ్మేవైపు నుంచి చూస్తే కొనేవారి స్వభావాలు మరింత వినోదం. శీర్షికలో ‘కాగితపు ప్యాటర్న్ మాత్రమే, గౌను కాదు’ అని రాసి తీరాలి. కవరు మీది బొమ్మ చూసి, పన్నెండు డాలర్లకు పట్టుగౌను వస్తుందనుకుని కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. కొందరు పాట గెలిచి మాయమవుతారు. నాలుగు రోజులు చూసి అమ్మకం రద్దు చేసి మళ్లీ పెట్టుకోవడమే. 2008 నుంచి అమ్మకందారు కొనేవారి మీద చెడ్డ అభిప్రాయం రాయడానికి వీలు లేదు కనుక అలాంటివారి పేర్లను నా నిషేధ జాబితాలో చేర్చుకుంటాను, అంతకు మించి చేయగలిగింది లేదు. సిగరెట్ పొగ తగిలిందా, ముక్కిన వాసన వస్తోందా, పెన్సిల్ రాతలు ఉన్నాయా అని విసుగెత్తేలా అడిగే మనిషే నాకు ఇష్టమైన కొనుగోలుదారు. అంత అడిగినవారు తిరిగి పంపిన సందర్భం నాకు ఎదురుకాలేదు. ఏమీ అడగకుండా కొన్నవారి దగ్గరనుంచే ‘టిష్యూ పసుపుగా ఉంది’ అనే ఫిర్యాదు వస్తుంది. అరవై ఏళ్ల టిష్యూ మరే రంగులో ఉంటుంది?

నకళ్ల విషయంలో నేను కొంచెం మొండిని. మనం కొన్న అసలు కాగితాన్ని తిరిగి అమ్ముకోవడానికి అమెరికా కాపీరైట్ చట్టంలోని 109వ సెక్షన్ అడ్డు చెప్పదు. దాన్ని స్కాన్ చేసి పదిమందికి అమ్మడం వేరే సంగతి. పాత క్రాస్ స్టిచ్ పటాలు ఇలా నకళ్లుగా ఎక్కువ తిరుగుతాయి, రంగుల గుర్తులు మసకబారిన ప్రింటును చూస్తేనే తెలిసిపోతుంది. తెలిసిన పిల్లలు కూడా ‘అక్కా, ముక్కలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టవా’ అంటారు. ‘పెట్టను గానీ ఇంటికి రా, నీ కొలతలకు జాకెట్టు గీసి ఇస్తాను’ అంటాను. వచ్చినవారు ఇద్దరు ముగ్గురే.

లాభాల లెక్క క్లుప్తంగా చెబుతాను. ఈబే తీసుకునే రుసుము 13 శాతానికి పైచిలుకు, అదీ తపాలా ఖర్చునూ అమ్మకపు పన్నునూ కలిపిన మొత్తం మీద. అయిదు డాలర్ల కవరు అమ్మితే అట్టముక్క, ప్లాస్టిక్ సంచి, నా సమయం పోను మిగిలేది కాఫీకి కూడా చాలదు. 2025లో బట్టలు, కుట్టు సామాను అమ్మే జోయాన్ దుకాణాలన్నీ మూతపడ్డాక, అక్కడ తగ్గింపు ధరకు పెట్టెలకొద్దీ కొన్న కొత్త ప్యాటర్న్‌లు వేలంలో కుప్పలుగా కనిపిస్తున్నాయి. పాత సరుకు వెతికేవారు సంవత్సరం వడపోత పెట్టుకోకపోతే పేజీలు తిప్పుతూనే ఉండాలి.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కొనదలచినవారికి దారి సులువు కాదు. ఈబే భారత విభాగం 2018లో మూతపడింది కనుక విదేశీ అమ్మకందారు నుంచే తెప్పించుకోవాలి. ఒక్క కవరుకైతే తపాలా ఖర్చు దాని ధరను మించిపోతుంది. ఇక్కడి చుట్టాల చిరునామాకు పంపించుకోండి. ముక్కలు లెక్కపెట్టే పని కూడా వారికే అప్పగించండి, ఎందుకంటే ఆ చుట్టం సంక్రాంతికి పెట్టె సర్దుకుని వచ్చేలోగా 30 రోజుల గడువు దాటిపోతుంది.