ఎడారి దారిలో ఐదు రోజులు, ఒక తడి బనీను

పొట్లం విప్పగానే ఉసూరుమన్నాను. మెత్తటి పరుపు ముక్కకు జిప్పు కుట్టినట్టుంది. చేతులు లేవు, జేబులు లేవు, పైగా నల్ల రంగు. లోపల గళ్ళు గళ్ళుగా కుట్టు, ఆ గళ్ళలో నీటిని పీల్చుకునే పొడి. నీళ్ళలో ముంచి, పిండి, జాకెట్ కింద తొడుక్కోవాలి. అది ఆరుతున్నకొద్దీ ఒళ్ళు చల్లబడుతుంది. దూరప్రయాణాల బైకువాళ్ళు దీన్ని కూలింగ్ వెస్ట్ అంటారు. మా బృందంలో మొదటి రోజు ఉదయమే దీనికి ‘తడి బనీను’ అని పేరు పడింది. అంతకన్నా మంచి పేరు నాకూ తోచలేదు.

ఆరుగురు మిత్రులం, ఆరు బైకులు, ఐదు రోజులు, 1,400 కిలోమీటర్ల పైచిలుకు ఎడారి దారి. ఉదయం పది దాటేసరికి 38 డిగ్రీలు, మధ్యాహ్నం 42, మూడో రోజున 44. ఇవి బైకు మీటరు చూపించిన అంకెలు కావు. ఆగిన బండి మీటరు ఇంజను వేడిని కూడా కలుపుకుని చెబుతుంది, దాన్ని నమ్మకండి. నీడలో వేలాడదీసిన చిన్న థర్మామీటరు లెక్కలివి. దానిలోనే ఉన్న తేమ మీటరు 15 శాతానికి అటూ ఇటూ ఊగిసలాడింది.

ఈ సమీక్షకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఆరుగురం ఒకే ఎండలో, ఒకే వేగంతో, నాలుగు రకాలుగా తయారై వెళ్ళాం. నేనూ, మాకు దారి చూపే మిత్రుడూ ఈ తడి బనీన్లు కొన్నాం. మూడోవాడు నూలు టీషర్టును తడుపుకుని వేసుకుంటే చాలదా అన్నాడు. నాలుగోవాడి దగ్గర మరో రకం వెస్ట్ ఉంది, అందులో గడ్డకట్టి కరిగే పదార్థం పలకలుంటాయి. మిగిలిన ఇద్దరూ జల్లెడలాంటి మెష్ జాకెట్ ఒక్కటి చాలన్నారు. ‘ఎనభైలో వెళుతుంటే గాలి కొట్టదా?’ అన్నది వాళ్ళ వాదన.

గాలి కొడుతుంది. అసలు చిక్కంతా అక్కడే. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపే అది మనల్ని చల్లారుస్తుంది. 42 డిగ్రీల గాలి ఎదురైతే పొయ్యి ముందు గొట్టంతో ఊదుతున్నట్టే. అప్పుడిక చెమట ఒక్కటే దిక్కు. మెష్ జాకెట్‌లో ఆ చెమట పుట్టిన క్షణానే ఎగిరిపోతుంది. మా మెష్ మిత్రుడొకడు రెండో రోజు ‘నాకసలు చెమటే పట్టలేదు చూడండి’ అని గర్వంగా చెప్పుకున్నాడు. చొక్కా పొడిగానే ఉంది. ముఖం చూస్తే మాత్రం ఉప్పు చారలు.

తడి బనీను చేసే పని మట్టికుండ చేసే పనే. ఆవిరయ్యే నీరు వేడిని వెంట తీసుకుపోతుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉంటే తడిగుడ్డ ఉష్ణోగ్రత 22 డిగ్రీల దాకా దిగగలదు. అదే 34 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న సముద్రతీరంలో 31 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఇది ఎండకాలపు వస్తువు కాదు, పొడి ఎండకాలపు వస్తువు. ఉక్కపోతలో తిరిగేవాళ్ళు కొంటే ముప్పావు కిలో తడిబరువు మోయడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఈ మాట పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేయాల్సింది. నాకది లోపలి కాగితం మడతలో, చిన్న అక్షరాల్లో కనిపించింది.

పెద్ద అక్షరాల్లో వేసిందేమిటంటే, ఒకసారి తడిపితే ఎనిమిది గంటలు పనిచేస్తుందని. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడికి పనిచేస్తుందేమో. మొదటి రోజు జాకెట్ జిప్పులన్నీ తెరిచి బయలుదేరాను. మొదటి పది నిమిషాలు స్వర్గం, నిజానికి వణుకు కూడా వచ్చింది. 45 నిమిషాలకు బనీను అట్టముక్క అయిపోయింది.

ఆ రాత్రి సామాను తూచే వేలాడే కాటా తీసి లెక్క వేశాను. ఆరిన బనీను 600 గ్రాములు, తడిపి పిండాక 1,350. అంటే 750 మిల్లీలీటర్ల నీరు. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడి కావాలి. అంత నీరూ 45 నిమిషాల్లో ఎగిరిపోయిందంటే సగటున దాదాపు 670 వాట్ల చలువ అన్నమాట. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి 100 వాట్లకు కాస్త అటూ ఇటూ. బండి నడిపేవాడికి ఇంకొంత వేసుకున్నా, మిగతా చలువంతా ఎవరికి పోయింది? నా వెనక ఎడారికి పోయింది.

రెండో రోజు చేతుల జిప్పులు, ఛాతీ జిప్పులు మూసేశాను. మెడ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత సందు, వీపు మీద గాలి బయటికి పోయే జిప్పు, అంతే తెరిచి ఉంచాను. నిప్పులాంటి ఎండలో జాకెట్ బిగించుకోవడానికి మనసు ఒప్పుకోదు. కానీ ఈసారి బనీను రెండు గంటల పది నిమిషాలు నిలిచింది. వణుకు లేదు, చురుక్కుమనడమూ లేదు. కొన్న వస్తువును వాడటం నాకు ఆ రోజు తెలిసింది. దారి చూపే మిత్రుడికి మెష్ జాకెట్, మూయడానికి జిప్పులు లేవు. అందుకని మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద, జాకెట్ మీద పలుచటి రెయిన్ కోటు తొడిగాడు. పెట్రోలు బంకులో అందరూ అతన్ని వింతగా చూశారు, మేమూ నవ్వాం. అతని బనీను కూడా రెండు గంటలకు దగ్గరగా తడి నిలుపుకున్నాక నవ్వడం మానేశాం.

నల్ల రంగు గురించి ఒక మాట. ఎండను లాగేస్తుందని నేనూ భయపడ్డాను. జాకెట్ కింద ఉండేదానికి రంగుతో పనేమిటని తర్వాత తట్టింది. అరబ్బు ఎడారుల్లో తిరిగే సంచార జాతివాళ్ళు, బెదూయిన్లు, నల్లటి అంగీలు ఎందుకు తొడుగుతారని కొందరు శాస్త్రవేత్తలు ఎండలో మనిషిని నిలబెట్టి కొలిచి, 1980లో నేచర్ పత్రికలో రాశారు. నల్ల బట్ట ఎక్కువ వేడిని పీల్చిన మాట నిజమేగాని, వదులు అంగీలో ఆ అదనపు వేడి చర్మాన్ని చేరకముందే బయటపడిందట. ఒళ్ళంతా కప్పుకోవడంలో ఉన్న తెలివి వాళ్ళకు మాకన్నా ఎంతో ముందే తెలుసు. మేము మాత్రం డబ్బు పోసి, కాటా వేసి, కాగితం మీద లెక్క కట్టి తెలుసుకున్నాం.

ఇక నీళ్ళ పంచాయితీ. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు ఈ బాధ ఉండదు. మనిషికి నాలుగు లీటర్ల తాగునీరు అని బయలుదేరేముందే అనుకున్నాం. బనీను రోజుకు నాలుగు సార్లు తడపాలి, అంటే మూడు లీటర్లు. ఇద్దరికి ఆరు. తోకబండి మీద, అంటే వరుసలో అందరికన్నా వెనక వచ్చే బండి మీద, పది లీటర్ల మడత డబ్బా ఒకటి కట్టాం. మొదటి రోజు మధ్యాహ్నం నేను అందులోంచి ధారగా ఒంపుకుంటుంటే తోకబండి మిత్రుడు చూసి ‘ఒరేయ్, మేము తాగే నీళ్ళు నీ చొక్కా తాగుతోంది’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మరుసటి రోజు నవ్వకుండా అన్నాడు. అందులో న్యాయం ఉంది. ఎడారిలో తర్వాతి బంకు 120 కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు ఒకడి చలువ ఇంకొకడి దాహం మీద నడవకూడదు. అప్పటినుంచి నియమం పెట్టుకున్నాం: డబ్బా తాగడానికే. బనీన్లకు ఆగిన చోట దొరికే బోరు నీళ్ళు.

ఆ బోరు నీళ్ళతోనే ఈ వస్తువు అసలు లోపం బయటపడింది. ఎడారి బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు గళ్ళలోనే మిగులుతుంది. నాలుగో రోజుకు బనీను మీద తెల్లటి మచ్చలు తేలాయి, మెడ దగ్గర అంచు గరుకుదేలి ఒరిసింది. అంతకన్నా పెద్ద నష్టం, లోపలి పొడి నీటిని పట్టడం తగ్గించింది. ఈ రకం పొడి మంచినీటిని పీల్చినంతగా ఉప్పునీటిని పీల్చలేదు. ఆ రాత్రి మళ్ళీ కాటా వేస్తే 750 కాస్తా 480కి దిగింది. ఇంటికి వచ్చాక మంచినీళ్ళలో నాలుగుసార్లు నానబెట్టి పిండితే చాలావరకు కోలుకుంది. ఉప్పునీళ్ళతో తడపవద్దని తయారీదారు ఎక్కడా చెప్పలేదు. ఎడారి బొమ్మ పెట్టె మీద వేసి వస్తువు అమ్మేవాళ్ళు ఎడారి నీళ్ళ సంగతి ఆలోచించవద్దా?

మిగతావాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. నూలు టీషర్టు మిత్రుడిది నిజంగా చవకైన ఉపాయం, ఇరవై నిమిషాలు బాగా పనిచేస్తుంది. ప్రతి ఇరవై నిమిషాలకూ ఐదుగురిని ఆపగలిగే ధైర్యం అతనికి లేదు, కాబట్టి రోజులో ఎక్కువసేపు అది ఉత్త టీషర్టే. పలకల వెస్ట్ మొదటి రెండు గంటలు అన్నిటికన్నా సుఖం, ఒళ్ళు పొడిగా ఉంటుంది, తేమతో నిమిత్తం లేదు. కరిగాక మళ్ళీ గడ్డకట్టించాలంటే ఐసు కావాలి. అది దొరికిన ఊళ్ళో మేము ఆగింది రాత్రిపూట మాత్రమే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చల్లదనమిచ్చి, మధ్యాహ్నం రెండు కిలోల బరువుగా మిగిలేది.

మూడో రోజు సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. 44 డిగ్రీలు. మేము ఎడమ కుడి ఎడమ కుడిగా మెలిక వరుసలో వెళుతున్నాం. చెమట పట్టలేదని గర్వపడ్డ మిత్రుడు నా ముందున్నాడు. వరుసలో తన చోటు వదిలి మెల్లగా రోడ్డు మధ్యకు జరిగాడు, మళ్ళీ అంచుకు వచ్చాడు. ముందు బండి గుంత ఉందని కాలు చాపి చూపిస్తే అతను ఆ సైగను వెనక్కి అందించలేదు. నేను హారను కొట్టాను, పలకలేదు. వెనకనుంచి తోకబండి వేగంగా దాటి వచ్చి ఆపించింది. దిగాక అతను మాతో పోట్లాటకు దిగాడు, ఎందుకు ఆపారని. తలనొప్పి, వికారం, విసుగు. మనిషి చిరాకుపడటం వడదెబ్బకు ముందు గుర్తు కావచ్చన్న సంగతి మాలో ఒక్కరికే తెలుసు, మంచిదయింది.

కల్వర్టు నీడలోకి తీసుకువెళ్ళి, జాకెట్ విప్పించి, నా బనీనును తాగునీటి డబ్బాలోంచే నిండా తడిపి అతనికి తొడిగాం. నియమం పెట్టిన తోకబండి మిత్రుడే ఆ డబ్బా ఒంపాడు. ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పట్టించాం. ఉప్పులేని నీళ్ళు గటగటా తాగిస్తే ఒంట్లో ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. నలభై నిమిషాలకు జోకులు వేయడం మొదలుపెట్టాడు. మాట తడబడినా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా అది ఆసుపత్రి వ్యవహారం, బనీనుతో తీరేది కాదు. ఆ రోజు మిగతా 90 కిలోమీటర్లు ఎండ వాలాకే నడిపాం.

ఆ తర్వాత మా ప్రయాణం తీరే మారింది. నాలుగు, ఐదు రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, రెండు గంటలకొకసారి తప్పనిసరిగా ఆగి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నీడ పట్టున పడుకున్నాం. ఆ రెండు గంటల లెక్క నా బనీను ఆరే లెక్క. అది అట్టకట్టడం మొదలవగానే నేను ఎడమ చేయి ఎత్తేవాణ్ణి, అందరూ ఆగి నీళ్ళు తాగేవాళ్ళు. ఇంకా దాహం వేయలేదన్నవాళ్ళు కూడా తాగేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఈ వస్తువు నాకు ఇచ్చిన చలువకన్నా, ఆరుగురినీ వేళకు ఆపించడమే నాకు ఎక్కువ నచ్చింది. అయితే ఆ పని చేతి గడియారం కూడా చేస్తుంది కదా అని మీరంటే కాదనలేను. గడియారం మాటైతే మావాళ్ళు వినేవాళ్ళు కాదు.

కొనేవాళ్ళకు: మీరు తిరిగేది పొడి వేడిలోనైతే, మూయగల జాకెట్ మీ దగ్గర ఉంటే కొనండి. మెష్ జాకెట్ మాత్రమే ఉంటే దాని మీద వేయడానికి పలుచటి కోటు కూడా లెక్కలో వేసుకోండి. అంగడిలో పొడిగా ఉన్నప్పుడు తొడిగి చూసి సరిపోయిందనుకోవద్దు. తడిశాక గళ్ళు ఉబ్బి ఛాతీ దగ్గర బిగుస్తుంది, ఒక సైజు పెద్దది తీసుకోండి. పిండేటప్పుడు బట్టలు పిండినట్టు మెలిపెట్టకండి. నా దానికి చంక దగ్గర కుట్టు అలాగే వదిలి, ఒక గడిలోంచి జావలాంటిది బయటికి వచ్చింది. రెండు అరచేతుల మధ్య నొక్కితే చాలు. ఆరకుండా మడిచి సంచిలో పెడితే రెండో రోజుకే ముక్కవాసన. రాత్రి హ్యాండిల్‌కు తగిలించి ఉంచండి. తెల్లారేసరికి పూర్తిగా ఆరదు గాని, మళ్ళీ తడపడానికి సగం నీళ్ళు చాలు.