క్యూలో వేసినదాన్ని వెనక్కి పిలవలేం: షెడ్యూలర్‌తో ఏడాదిన్నర

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్)లో మెసేజ్‌లని వరుసలో పెట్టే క్యూ, అంటే ఎస్‌క్యూఎస్ చాలా, చెప్పిన టైముకి పని మొదలుపెట్టే ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్ కూడా కావాలా అని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే ఎదురు ప్రశ్న వేస్తాను: పెట్టిన పనిని మధ్యలో ఆపాల్సి వస్తుందా? వస్తుందంటే షెడ్యూలర్ పెట్టుకోండి. ధరల పట్టికలు, పోలికలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, నేను వాటి జోలికి పోను.

మేం ఇద్దరం. గుంటూరు, నరసరావుపేట చుట్టుపక్కల 11 క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ నడుపుతాం. అపాయింట్‌మెంట్‌కి ముందు రోజు సాయంత్రం ఆరింటికి పేషెంట్‌కి ఎస్ఎంఎస్ పోవాలి. పని అంతే.

మొదట్లో దీన్ని ఎస్‌క్యూఎస్‌తోనే లాగించాం. అందులో మెసేజ్‌ని ఆలస్యంగా బయటికి తెచ్చే సదుపాయం ఉంది కానీ గరిష్ఠంగా 15 నిమిషాలే. మనకి కావాల్సింది పది రోజుల తర్వాత. అందుకని ఒక చిట్కా వేశాం. మెసేజ్ బయటికి రాగానే వర్కర్ (క్యూలోంచి మెసేజ్‌లు తీసుకునే మా ప్రోగ్రామ్) టైమ్ చూస్తుంది, ఇంకా కాలేదంటే మరో 15 నిమిషాలకి మళ్ళీ క్యూలో వేస్తుంది. మేం దీన్ని కప్పగంతులు అనేవాళ్ళం. పది రోజుల దూరమున్న రిమైండర్ 960 గంతులు వేస్తుంది. గంతుకి పంపడం, తీసుకోవడం, చెరపడం కలిపి 3 రిక్వెస్టులు, అంటే 2,880. నెలకి ఉచితంగా వచ్చే 10 లక్షల రిక్వెస్టులు సుమారు 350 రిమైండర్లకే అయిపోతాయి. బ్యాచ్‌లుగా చేస్తే తగ్గేది, మేం చేయలేదు. అయినా క్యూ చవక కాబట్టి బిల్లు చూసి ఎప్పుడూ ఉలిక్కిపడలేదు. పైగా ఈ చిట్కాని తెలిసినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ గొప్ప ఒక గురువారం పొద్దున దిగిపోయింది.

మాచర్ల వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన. షుగర్ పేషెంట్. ఆ రోజు ఫాస్టింగ్ టెస్ట్, తర్వాత డాక్టర్‌ని చూడటం. డాక్టర్ గారికి ఏదో పని పడి సెలవు పెట్టారు. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఆయన కొడుక్కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్‌ని వచ్చే గురువారానికి మార్చింది. బెంగళూరులో ఉండే ఆ అబ్బాయి తండ్రికి చెప్పాడు కూడా. కానీ బుధవారం సాయంత్రం ఆరింటికి మా మెసేజ్ వెళ్ళింది: ‘రేపు ఉదయం 8 గంటలకు పరగడుపున రండి.’ ఆస్పత్రి పేరుతో, తెలుగులో, టైముతో సహా వచ్చిన మెసేజ్‌ని కాదని ఫోన్‌లో కొడుకు చెప్పిన మాట ఎవరు నమ్ముతారు? తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా వచ్చి, మూసి ఉన్న తలుపు ముందు అరుగు మీద కూర్చున్నారట. తొమ్మిదింటికి ఆ అమ్మాయి వచ్చి చూసి, ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర ఆయన చేత రెండు ఇడ్లీలు తినిపించి, తర్వాత నాకు ఫోన్ చేసింది. “అన్నా, మీ మెసేజ్ చూసి వచ్చారంట” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు క్యూది కాదు, మాది. పంపే ముందు అపాయింట్‌మెంట్ రద్దయిందా అని చూస్తున్నాం. వాయిదా పడిందా అని చూడటం లేదు. డేటాబేస్‌లో అదే వరుస, అదే నంబరు, తేదీ మాత్రం మారింది. స్టేటస్ ‘ఖరారు’ అనే ఉంది. పాత తేదీని కడుపులో పెట్టుకున్న మెసేజ్ క్యూలో గెంతుతూనే ఉంది. ‘పొరపాటున వచ్చింది, రావద్దు’ అని వెంటనే ఇంకో ఎస్ఎంఎస్ పంపే వీల్లేదు, ఆ మాటలకీ డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌ల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) ముందే టెంప్లేట్ ఆమోదం ఉండాలి మరి.

తేదీ పోల్చి చూసే ఒక్క లైను కోడ్ ఆ పూటే పెట్టాం. నిజం చెప్పాలంటే అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఒక విషయం మనసులో ఉండిపోయింది. మెసేజ్ ఒకసారి క్యూలో పడ్డాక, ఫలానా పేషెంట్‌ది ఇటివ్వు అని అడిగే దారే లేదు. దాన్ని చెరపాలంటే రిసీట్ హ్యాండిల్ అనే గుర్తు కావాలి. అది ఆ మెసేజ్ మన చేతికి వచ్చినప్పుడే వస్తుంది. మిర్చి టిక్కీలో ఫలానా కాయని వెతికి తీయమన్నట్టు. క్యూ పని క్యూ చేస్తోంది. వెనక్కి ఇవ్వడం దాని పని కాదు, మేమే దానితో చేయించాలని చూశాం.

ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్ 2022 నవంబర్‌లో వచ్చింది. అందులో ఒక్కసారికే జరిగే షెడ్యూల్ పెట్టొచ్చు, దానికి మనమే పేరు పెడతాం. మేం అపాయింట్‌మెంట్ నంబరు, పక్కన ‘ముందురోజు’ అని పెడతాం. రద్దయిందా, ఆ పేరుతో డిలీట్. వాయిదానా, ఆ పేరుతోనే టైమ్ మార్పు. టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని రాస్తే చాలు, యూటీసీలోంచి (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఐదున్నర గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోనక్కర్లేదు. మొదటి రోజంతా ఐఏఎం రోల్‌తో (ఏడబ్ల్యూఎస్‌లో అనుమతుల ఏర్పాటు) కుస్తీ పట్టాం, అది వదిలేయండి. ఆ సాయంత్రం ఒక టెస్ట్ షెడ్యూల్‌ని పేరుతో చెరిపి, నిజంగానే రాలేదని చూసుకుని, ఇద్దరం టీకి వెళ్ళాం.

పేరుతోనే టైమ్ మార్పు అన్నాను కదా. అక్కడో గుంట ఉంది, రెండో నెలలో పడ్డాం. అప్‌డేట్ చేసేటప్పుడు మనం ఇవ్వని ఐచ్ఛిక వివరాలు పాతవి అలాగే ఉంటాయనుకుంటాం. ఉండవు, డిఫాల్ట్‌కి పోతాయి. టైమ్‌జోన్ డిఫాల్ట్ యూటీసీ. సాయంత్రం ఆరుకి పోవాల్సిన మెసేజ్ రాత్రి పదకొండున్నరకి పోయింది, వాయిదా పడినవాళ్ళకి మాత్రమే. పని అయ్యాక తనంతట తాను చెరిగిపోయే సెట్టింగ్ కూడా అలాగే ఎగిరిపోయి, అయిపోయిన షెడ్యూళ్ళు కోటాని తింటూ పడి ఉన్నాయి. డాక్యుమెంట్‌లో రాసే ఉంది, చదవలేదు. ఇప్పుడు ముందు మొత్తం చదివి, టైమ్ ఒక్కటే మార్చి, మొత్తం తిరిగి రాస్తున్నాం.

ఇంకోటి. పంపడం విఫలమైతే డిఫాల్ట్‌గా 24 గంటల దాకా, 185 సార్ల వరకు మళ్ళీ ప్రయత్నిస్తుంది. వేరే పనులకి బాగానే ఉంటుందేమో కానీ, అపాయింట్‌మెంట్ అయిపోయాక వచ్చే రిమైండర్ ఎవరికి కావాలి? మేం గంటకి కుదించాం. పెట్టిన నిమిషంలోపు పేలుతుందనేదే హామీ, సెకన్ల లెక్క కావాలంటే ఇది కుదరదు.

క్యూని తీసేశామా అంటే లేదు. మా దగ్గర షెడ్యూలర్ నేరుగా ఎస్ఎంఎస్ పంపదు, సాయంత్రం ఆరింటికి క్యూలో వేస్తుంది. అప్పుడు అందరివీ ఒకేసారి వచ్చి పడతాయి, ఎస్ఎంఎస్ గేట్‌వే ఏమో నత్తనడక. ఆ రద్దీని కాచుకోవడంలో క్యూకి సాటి లేదు. ఒక వర్కర్ తీసుకున్న మెసేజ్ మిగతావాళ్ళకి కనబడకుండా ఉండే సమయం, అంటే విజిబిలిటీ టైమౌట్, డిఫాల్ట్ 30 సెకన్లు, గేట్‌వే నలభై తీసుకున్న రోజున అదే మెసేజ్ ఇంకో వర్కర్ చేతికి వెళ్తుంది. దాన్ని 3 నిమిషాలు చేశాం. అసలు క్యూ, షెడ్యూలర్ రెండూ ఇచ్చే మాట ‘కనీసం ఒకసారి’ అనే, రెండుసార్లు రాదని ఎవరూ అనలేదు. అందుకే పంపినదాని గుర్తు డేటాబేస్‌లో వేరే రాసుకుంటున్నాం.

మీకూ ఇదే సరిపోతుందని చెప్పలేను. మేం ముందే ఏడబ్ల్యూఎస్‌లో ఉన్నాం, సర్వర్ చూసుకోవడానికి మూడో మనిషి లేడు, నెలకి ఉచితంగా ఇచ్చే కోటీ 40 లక్షల ఇన్వొకేషన్లలో (షెడ్యూల్ ఒకసారి పేలితే ఒకటి) మాది ఒక మూలకి కూడా రాదు. గూగుల్ క్లౌడ్‌లో ఉంటే వాళ్ళ క్లౌడ్ టాస్క్స్‌లో క్యూ, టైమ్, పేరు మూడూ ఒకచోటే దొరుకుతాయి, కాకపోతే 30 రోజులు దాటి ముందుకి పెట్టలేం. మా క్లినిక్‌లలో షుగర్ రివ్యూలు మూడు నెలలకి పడతాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎలాగూ నడుపుతున్నవాళ్ళైతే ఒక టేబుల్, నిమిషానికోసారి తనంతట తాను లేచి దాన్ని చూసే క్రాన్ చాలు. మా స్థాయికి అదే నయమని నా పార్ట్‌నర్ ఇప్పటికీ అంటాడు, నేను గట్టిగా కాదనలేను.

ఆ రిసెప్షన్ అమ్మాయి మాత్రం ఎవరిదైనా వాయిదా వేసిన ప్రతిసారీ ఫోన్ చేసి “పాతది పోయిందా అన్నా?” అని అడుగుతుంది. ఏడాదిన్నరగా పోతూనే ఉంది. అయినా అడుగుతుంది, నేనూ ఒకసారి తెరిచి చూసే చెబుతాను.